ఒక్క ఇంటికి శుక్రవారం ఉత్తరం

ఆ ఏడు మా మూడో తరగతి తెలుగు సెక్షన్‌లో మిగిలింది ఒక్క పిల్ల. హాజరు పట్టీలో ఒక్క పేరు. నల్లబల్ల ఎదురుగా ఒక్క బెంచీ. పక్క గదిలో హిందీ సెక్షన్ పిల్లలు నలభైమంది గొంతెత్తి ఎక్కాలు చదువుతుంటే మా గోడ మీది భారతదేశం పటం కదిలేది. మా గదిలో మాత్రం ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించేది.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ దీవుల్లోనే, తుష్నాబాద్‌లో. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ పొలం చేసుకున్నాడు. తెలుగు చదవడం, రాయడం నాకు ఇంట్లో మా నాన్న నేర్పాడు. నా ఈడువాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, రాయగలిగినవాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఉన్నందుకే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున ఆరున్నర బస్సుకి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, చీకటి పడే వేళకి తిరిగి వస్తాను. ఇక్కడ చీకటి పడే వేళంటే సాయంత్రం ఐదున్నర.

ఇంట్లో నేనొక్కదాన్నే. మాకు పిల్లలు లేరు. మా ఆయనకి దక్షిణాన చివరి దీవిలో, కాంప్‌బెల్ బేలో ఉద్యోగం. రెండేళ్ళకని వెళ్ళారు, అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. అక్కడి నుంచి ఓడలో రెండు రోజులకి పైనే ప్రయాణం. సిగ్నల్ దొరికితే ఆదివారాలు ఫోను చేసేవారు. తిన్నావా, తిన్నాను, వాన పడుతోందా, పడుతోంది. అంతటితో మాటలు అయిపోయేవి. ఇద్దరం కాసేపు ఫోను పట్టుకునే ఉండేవాళ్ళం.

శుక్రవారం ఉత్తరాల అలవాటు అంతకు నాలుగేళ్ళ ముందు మొదలైంది. అప్పుడు నా తరగతిలో పదకొండుమంది ఉండేవారు. ఒకసారి బొమ్మలు చేయించడానికి కొబ్బరి చిప్పలు తెమ్మన్నాను. మర్నాడు ఇద్దరు చిప్పలు తెచ్చారు. నలుగురు పీచు తీసిన కాయలు తెచ్చారు. ఒకమ్మాయి తల్లి బడిలో పూజ అనుకుని కాయతోపాటు అగరుబత్తీలు, కర్పూరం కూడా పొట్లం కట్టి పంపింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ తల్లి పొద్దున్నే చేపల పని మానుకుని దుకాణానికి వెళ్ళి అవన్నీ కొని ఉంటుందని తర్వాత తోచింది. తప్పు నాదే. తరగతిలో ఏం జరుగుతోందో ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ వారమే ఒక కాగితం మీద రాశాను. ఈ వారం మీ పిల్లలు ఏం నేర్చుకున్నారు, వచ్చే వారం ఏం చేయబోతున్నాం, దానికి ఇంటి నుంచి ఏం పంపాలి, ఇంట్లో మీరు పిల్లల్ని ఏం అడగవచ్చు. మిడిల్ పాయింట్ దుకాణంలో జిరాక్సు తీయించి శుక్రవారం బడి వదిలే ముందు ఒక్కొక్క సంచిలో ఒక్కొక్కటి పెట్టాను. సోమవారానికి సగం కాగితాలు ఆ సంచుల్లోనే, పెట్టిన మడతలోనే ఉన్నాయి. అయినా మానలేదు. రాస్తే నాకే బాగుండేది.

ఏడాదికి ఇద్దరు ముగ్గురు చొప్పున పిల్లలు తగ్గుతూ వచ్చారు. కొందరిని హిందీలో వేశారు, కొందరిని ఇంగ్లీషులో. రెండు కుటుంబాలు వైజాగ్ వెళ్ళిపోయాయి. ఒకరు మాయాబందర్‌కి మారారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఇక్కడ ఆసుపత్రికెళ్ళినా, ఆఫీసుకెళ్ళినా, ఆటో ఎక్కినా హిందీయే కావాలి. అలా అలా ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత గది తలుపు తీస్తే ఒక్క పిల్ల వచ్చి కూర్చుంది.

చిన్న పిల్ల, గట్టి గొంతు. తండ్రి డింగీ పడవలో చేపల వేటకెళ్తాడు. తల్లి జంగ్లీఘాట్ రేవు దగ్గర చేపలు అమ్ముతుంది. పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు ఊరు నుంచి ఇద్దరూ వచ్చారు, పిల్ల ఇక్కడే పుట్టింది. తల్లికి ఏ భాషా చదవడం రాదు. తండ్రి సంతకం పెడతాడు.

ఒక్క పిల్లకి పాఠం చెప్పడం తేలికనుకుంటారు. నేనూ అనుకున్నాను. మొదటి వారంలోనే పుస్తకం అడ్డం తిరిగింది. ప్రతి పాఠం చివరా ‘మీ స్నేహితులతో చర్చించండి’ అని ఉంటుంది. ‘నలుగురేసి జట్లుగా ఏర్పడండి’ అని ఉంటుంది. పిల్ల ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివి, గది నాలుగు వైపులా చూసి, నా వైపు చూసింది.

"నేను ఒక జట్టు. మీరు ఒక జట్టు," అంది.

సరే అన్నాను. అప్పటి నుంచి నేను కుర్చీ తెచ్చి బెంచీ పక్కన వేసుకునేదాన్ని. నాటకంలో నాలుగు పాత్రలుంటే ఆమె రెండు, నేను రెండు. ఆటల రోజున హిందీ సెక్షన్‌తో కలిపి పరిగెత్తించారు, బాగానే పరిగెత్తింది. కానీ చప్పట్లు కొట్టేటప్పుడు అవతల సెక్షన్ పిల్లలు వాళ్ళ వాళ్ళ పేర్లే అరిచారు. ఈ పిల్ల పేరు నేనొక్కదాన్నే పిలిచాను. పెద్దగా పిలవడానికి మొహమాటపడ్డాను.

మా పెద్ద టీచరమ్మ మంచి మనిషి, బెంగాలీ ఆవిడ. నేను శుక్రవారం ఉత్తరం రాస్తుండగా ఒకసారి గదిలోకి వచ్చి, "ఒక్క పిల్లకి కాగితమెందుకు దీదీ? నోటితో చెప్పి పంపండి," అని హిందీలో అన్నారు.

"అలవాటైపోయింది మేడమ్."

"తల్లికి చదవడం రాదన్నారు కదా."

"పిల్ల చదివి వినిపిస్తుంది. అదీ ఒక పాఠమే."

ఆవిడ తలూపి వెళ్ళిపోయారు. నేను చెప్పింది అబద్ధం కాదు, అలాగని అంతా నిజమూ కాదు. వారమంతా నేను మాట్లాడేది ఆ పిల్లతో, బస్సు కండక్టరు భయ్యాతో, ఆదివారం ఫోనులో ఆయనతో. ఏం చేశానో కూర్చుని ఎవరికైనా చెప్పేది ఆ ఉత్తరంలోనే.

జిరాక్సు అవసరం లేదు కాబట్టి చేత్తోనే రాసేదాన్ని. ఒక్క పేజీలో సరిపెట్టాలన్న నియమమూ పోయింది. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పిల్ల బొమ్మలు గీసుకుంటూ ఉండేది, నేను రాసుకుంటూ ఉండేదాన్ని. తల్లిదండ్రులకు నమస్కారం అని మొదలు. ఈ వారం మూడంకెల తీసివేతలు నేర్చుకున్నాం. అప్పు తెచ్చుకోవడం దగ్గర పాప రెండుసార్లు తడబడింది, మూడోసారి తనే దిద్దుకుంది. వచ్చే వారం చిక్కుడు గింజలు నాటుతాం, ఖాళీ డబ్బా ఒకటి పంపండి. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ కలం ఆగేది కాదు. నాలుగేళ్ళ కిందట పదకొండుమంది నాటిన గింజల్లో ఎన్ని మొలిచాయో రాసేదాన్ని. ఈ గది కిటికీ నుంచి వాన వస్తే బెంచీ ఎటు జరుపుతామో రాసేదాన్ని. బస్సులో ఒక ముసలాయన తామరాకులో కట్టిన పూలు నా ఒళ్ళో పెట్టి మరిచిపోయి దిగిపోతే వాటిని పిల్లకి చూపించి రేకులు లెక్కపెట్టించాననీ రాశాను. పాఠంతో ఏదో ఒక ముడి ఉండేట్టు చూసుకునేదాన్ని. ఆ ముడి వారం వారం వదులవుతూ వచ్చింది. నాకు తెలియకపోలేదు.

వినాయక చవితి వారం వాతావరణం పాఠం వచ్చింది. గాలి, మబ్బు, వాన, తుఫాను హెచ్చరిక. ఆ పండక్కి మా ఆయన వస్తానన్నారు. ఓడ టికెట్టు కూడా దొరికిందన్నారు. నేను ఇల్లు కడిగి, మంచం మీద కొత్త దుప్పటి వేశాను. బయలుదేరాల్సిన రోజు సాయంత్రం ఫోను వచ్చింది. సముద్రం బాగోలేదట, ఓడ ఆపేశారట. ఇక్కడా రెండు రోజులుగా ఈదురుగాలి. ఏమీ అనిపించలేదు. సముద్రం మీద ఎవరికి కోపం వస్తుంది?

ఆ శుక్రవారం ఉత్తరంలో ఇలా రాశాను. ‘ఈ వారం వాతావరణం గురించి తెలుసుకున్నాం. సముద్రం బాగోలేకపోతే ఓడలు ఎందుకు ఆపుతారో పాపని అడగండి, చెబుతుంది. మా ఇంటికి కాంప్‌బెల్ బే నుంచి రావలసినవారు కూడా ఓడ ఆగిపోయి రాలేదు. ఇద్దరికని ముందే తెచ్చిన బియ్యపు రవ్వతో చేసిన ఉండ్రాళ్ళు రెండు రోజులు నేనే తిన్నాను. వచ్చే వారం వాన కొలిచే సీసా తయారు చేస్తాం. అడుగు సమంగా ఉన్న ప్లాస్టిక్ సీసా పంపగలరు.’

సోమవారం పొద్దున బడి గేటు దగ్గర పిల్ల తల్లి నిలబడి ఉంది. రేవు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, జుట్టు తడిగా. ఒక చేతిలో ప్లాస్టిక్ సీసా, ఇంకో చేతిలో స్టీలు క్యాను.

"టీచరమ్మా, ఇది మా గుంట అడిగిన సీసా. ఇది మీకు," అని క్యాను నా చేతికిచ్చింది. "వంజరం ముక్కల పులుసు. పొద్దున్నే సేసినాను. మద్దేన్నం తినండి."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"పండగపూటా ఒక్కరే తిన్నానని రాసినారు గదా. ఇని మా ఆడోళ్ళందరూ, అయ్యో పాపం, టీచరమ్మకి ఏటైనా అంపండే అన్నారు."

"ఆడవాళ్ళందరూ ఎవరు?"

"మా లైనులోవోళ్ళే. శుక్రవారం సాయంకాలం సేపలు సర్దుకుంటా కూకుంటాం. గుంట సదువుతాది, అందరం ఇంటాం."

ఇన్నాళ్ళూ నేను ఒక్క తల్లికి రాస్తున్నాననుకున్నాను. ఎనిమిది పది మంది ఆడవాళ్ళు చేపల తట్టల చుట్టూ కూర్చుని నా ఇంటి సంగతులు వింటున్నారు. "చాలా సంతోషం," అన్నాను.

ఆవిడ వెళ్ళబోతూ ఆగింది. "గానీ అమ్మా, కాంప్‌బెల్ ఓడ వచ్చీసింది గదా. బేస్తవారం పొద్దున్నే మా ఇంటాయన సూసినాడు, హాడో రేవు వైపు పోతుంటే. గాలి తగ్గీసినాక ఒక్క పూట లేటుగా ఇడిసీసినారంట. మరి మీరు ఆగిపోనాదని..."

అక్కడికి వచ్చేసరికి ఆవిడకే అర్థమైంది. మాట మింగేసింది.

"వేరే ఓడేమో," అన్నాను.

"అయ్యుంటాదమ్మా. వేరే ఓడే అయ్యుంటాది," అని చీర కుచ్చెళ్ళు దించుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఆ రోజు మేం వాన కొలిచే సీసా తయారు చేశాం. స్కేలు పెట్టి గీతలు గీయించాను. పిల్ల ఒక గీత వంకరగా గీస్తే కసిరాను. అంతకు ముందు దాన్ని ఎప్పుడూ కసరలేదు. అది రబ్బరు తీసుకుని మాట్లాడకుండా చెరిపి, మళ్ళీ గీసింది. మధ్యాహ్నం పులుసు తిన్నాను. బాగా వండింది. ఎవరూ చూడని గదిలో కూర్చుని ముల్లు తీసుకుంటూ మొత్తం తినేశాను.

ఆదివారం దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే బస్సు దిగి, ఇంటికి వెళ్ళే దారిలో పోకతోట పక్కన నిలబడి ఫోను చేశాను. రెండోసారికి ఎత్తారు.

"ఓడ వచ్చిందట కదా," అన్నాను.

సిగ్నల్ పోయిందనుకున్నాను.

"వచ్చింది," అన్నారు. "ముందు ఆపారు. తర్వాత వదిలారు. అప్పటికి నాకు రావాలనిపించలేదు. వచ్చి మళ్ళీ నాలుగు రోజుల్లో తిరిగి రావాలి కదా అనిపించింది."

"ఆ మాటే చెప్పవలసింది."

"నువ్వు బాధపడతావని."

పోకచెట్ల మీద నుంచి నీళ్ళ చుక్కలు రాలుతున్నాయి. నేను గొడుగు తీయలేదు.

"ఇంకో సంగతి," అన్నారు. "ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటానని రాసిచ్చాను. అడిగితే నువ్వు వద్దంటావని అడగలేదు. ఇక్కడ నాకు బాగానే ఉంది. ఎవరితోనూ ఏమీ లేదు, అలా అనుకోకు. ఊరికే బాగుంది, అంతే."

ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. వేరే మనిషెవరైనా ఉండి ఉంటే కోపం తెచ్చుకోవడానికి ఒక దారి ఉండేది. ఆయనకి నేను లేకుండా బాగుంది. "అన్నం తిన్నారా?" అని అడిగాను. తిన్నానన్నారు.

ఆ తర్వాత శుక్రవారం ఉత్తరం మూడు వాక్యాలు రాశాను. ఈ వారం ఇవి నేర్చుకున్నాం. వచ్చే వారం ఇవి చేస్తాం. రంగు కాగితాలు పంపండి. ఆ పై వారమూ అంతే. కాగితం సగానికి చింపి రాస్తే సరిపోయేది. ఆఖరి పీరియడ్‌లో ఇంకా అరగంట మిగిలిపోయేది, ఏం చేయాలో తోచేది కాదు. పిల్ల బొమ్మ వేస్తూ వేస్తూ తలెత్తి, "మన ఉత్తరం చిన్నదైపోయింది టీచర్," అంది.

"చెప్పాల్సింది చెప్పాం కదా."

"రెండు నిమిషాల్లో అయిపోతోంది. అమ్మావాళ్ళు ఇంకేదీ, ఇంకేదీ అంటున్నారు."

నేను పుస్తకం తెరిచి ఏదో వెతుకుతున్నట్టు తలొంచుకున్నాను.

దసరా సెలవుల ముందు తల్లిదండ్రుల సమావేశం పెట్టాలి. బడి మొత్తానికీ ఒకే రోజు. పక్క గది బయట వరండా నిండా చెప్పులు. మా గదిలో ఒక్క కుర్చీ వేస్తే చూడటానికి బాగోలేదని నాలుగు వేశాను. పిల్ల తల్లి వచ్చి, నాలుగు కుర్చీలూ చూసి, ఏది తనదో తెలియనట్టు నిలబడి, చివరికి తలుపు పక్కదానిలో కూర్చుంది. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. నేను పిల్ల నోటు పుస్తకాలు చూపించాను. గుణకారం బాగా చేస్తోందని, ఒత్తులు ఇంకా తప్పుతోందని చెప్పాను. ఆవిడ పుస్తకం తలకిందులుగా లేదని నిర్ధారించుకుంటున్నట్టు పిల్ల గీసిన బొమ్మలు వెతికి చూసింది.

"టీచరమ్మా, మీకు మామీద కోపమొచ్చిందేటి?" అంది ఉన్నట్టుండి.

"కోపమెందుకు?"

"ఓడ సంగతి నాను అననవసరం. ఆ పొద్దుటి నుంచి నా పేనం కొట్టుకుంటంది. మా ఇంటాయన కూడా తిట్టినాడు, నీకెందుకే అని. అందుకేనా ఉత్తరం రాయడం మానీసినారు?"

"రాస్తూనే ఉన్నాను కదమ్మా."

"అది ఉత్తరం కాదు. అది నోటీసు."

నేను నవ్వబోయాను, కుదరలేదు. ఆవిడ చీర చెంగుతో కుర్చీ చేయి తుడుస్తూ చెప్పింది. "మాకు ఉత్తరాలెవులు రాత్తారమ్మా? దేశంలో ఉన్న మావోళ్ళకీ రాయడం రాదు, మాకూ సదవడం రాదు. ఫోను సేత్తే బాగున్నారా అంటే బాగున్నాం అంటాం. మీ ఉత్తరంలో బస్సులో ముసిలోడు పూలు మరిసిపోనాడని రాసినారు సూడండి, అది మూడు సార్లు సదివించుకున్నాం. పక్కింటామె అయితే ఆ పూలేం సేసినారో కనుక్కో అని గుంటని పోరుపెట్టింది. మిమ్మల్ని సూసి నవ్వుకోడానికి కాదు. ఒట్టు."

నేను లేచి కిటికీ తలుపు వేశాను, వేయవలసిన పని లేకపోయినా. "ఆ పూలు ఇక్కడే గ్లాసులో పెట్టాం. మర్నాటికి వాడిపోయాయి," అన్నాను.

"అది సెప్తాను ఆమెకి," అంది.

పక్క గదిలో ఎవరో తండ్రి గట్టిగా ఏదో అడుగుతున్నాడు. ఆవిడ వెళ్ళడానికి లేవలేదు. ఇంకా ఏదో ఉందని నాకు అర్థమైంది.

"ఇంకోటి, టీచరమ్మా. మీరు ఏటీ అనుకోకండి. వచ్చే ఏడు గుంటని హిందీలో ఏద్దారని అనుకుంటన్నాం."

నేను ఎదురుచూస్తున్న మాటే. అయినా నోటు పుస్తకాలు దగ్గరికి లాక్కుని దొంతి పెట్టాను.

"సదువు బాగా సెప్తన్నారు. అందులో మాటలేదు. గానీ దానికి పక్కన కూకోడానికి ఒకలు కావాలంట. టీచరుతో కూకుంటన్నావు గదే అంటే, టీచరు నాతో కొట్లాడరు గదమ్మా అంటాది."

ఆ పిల్ల అలా అనగలదు. ఆ గొంతు నాకు వినిపించింది. నేను వేసుకున్న కుర్చీ, పంచుకున్న పాత్రలు, రెండు జట్లుగా చేసిన చర్చలు, అన్నీ దానికి సరిపోయాయని నేననుకుంటూ వచ్చాను. సరిపోయింది నాకే.

"మంచి పనే," అన్నాను. "దరఖాస్తు పెద్ద టీచరమ్మకి ఇవ్వాలి. నేను రాసిపెడతాను, మీరు వేలిముద్ర వేయండి."

"మీకేటవుద్ది మరి?"

"నన్నూ హిందీ సెక్షన్‌కి మారుస్తారు. ఉద్యోగం ఎక్కడికీ పోదు."

ఆవిడ ఊపిరి వదిలింది. అదే భయం ఆమెకీ ఉన్నట్టుంది. ఆ దరఖాస్తు నేనే తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి రాశాను. మా పాపకు తోడు లేదు కనుక అని రాయాల్సిన చోట కాసేపు ఆగి, అలాగే రాశాను.

ఏడాది చివరి దాకా ఉత్తరాలు మళ్ళీ పొడుగ్గానే రాశాను. మా ఇంటి సంగతులు రాయలేదు. బస్సులో చూసినవి, బడిలో జరిగినవి, పిల్ల అన్న మాటలు రాశాను. ఆ ఆడవాళ్ళు వింటారని తెలిసిన తర్వాత రాయడం వేరుగా ఉండేది. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ పక్కింటామె ప్రశ్న అడుగుతుందో ఊహించుకుంటూ రాసేదాన్ని. ఒక్కసారైనా ఆ శుక్రవారం సాయంకాలం వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుందామనుకున్నాను. పిల్ల పిలిచింది కూడా. వెళ్ళలేదు. నా బస్సు పోతుందన్నాను. నిజానికి, కాగితం మీద వాళ్ళు విన్న మనిషి వేరు, తడి రేవులో చెప్పులు పట్టుకుని నిలబడే మనిషి వేరు అనిపించి భయపడ్డాను.

ఆ వేసవి తర్వాత తెలుగు సెక్షన్ ఎత్తేశారు. ఆ గదిలో ఇప్పుడు ఆటసామాను పెడుతున్నారు. నాకు హిందీ రెండో తరగతి ఇచ్చారు, ముప్పై ఎనిమిదిమంది. తల్లిదండ్రులకి ఫోనులో గ్రూపు ఉంది. శుక్రవారం నాడు హిందీలో నాలుగు ముక్కలు టైపు చేస్తాను. ఇది నేర్చుకున్నాం, అది తెండి, ఫలానా రోజు సెలవు. బొటనవేలు బొమ్మలు పది వస్తాయి. సెలవు సంగతికి ఇరవై వస్తాయి. ఒకసారి వాక్యం ఒకటి ఎక్కువ రాశాను, పిల్లలు ఇవాళ ఇంద్రధనస్సు చూడడానికి వరండాలోకి పరిగెత్తారని. ఒక తండ్రి, "రేపు యూనిఫాం తప్పనిసరా మేడమ్?" అని అడిగాడు. తప్పనిసరే అని రాశాను.

ఆ పిల్ల నాలుగో తరగతి హిందీలో చేరింది. మొదటి నెలలో ఒక శుక్రవారం బడి వదిలాక ఆ తల్లి గేటు దగ్గర కనిపించింది. చేతిలో వాళ్ళ కొత్త టీచరు ఇచ్చిన కాగితం.

"ఇది ఏటి సెప్తందో సూడండి టీచరమ్మా. గుంటకి హిందీ సదవడం ఇంకా సరిగ్గా రాటం నేదు."

నేను చదివి తెలుగులో చెప్పాను. పండ్ల దినమట, ఏదైనా ఒక పండు పంపాలట, డైరీలో సంతకం పెట్టాలట. "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను. మరుసటి శుక్రవారం కూడా వచ్చింది. ఆ పై వారమూ. నేను ఆ కాగితంలోని వాక్యాలకి నావి రెండు కలిపి చెప్పేదాన్ని. ఈ పాఠం నేనూ చెప్పాను, పాపకి తేలికే. ఫలానా లెక్క దగ్గర పిల్లలందరూ తప్పుతారు, కంగారు పడకండి. గేటు పక్క గోడకి ఆనుకుని పది నిమిషాలు నిలబడేవాళ్ళం. నాలుగింటి బస్సు పోయేది, నాలుగున్నర బస్సుకి వెళ్ళేదాన్ని. మా ఆయన గురించి ఆవిడ ఒక్కసారి అడిగింది, "ఈమధ్య వచ్చినారేటి బాబుగారు?" అని. వచ్చారు, పది రోజులుండి వెళ్ళారని చెప్పాను. అది నిజమే. ఆ పది రోజులూ ఆయన ఇంటి కప్పు బాగుచేయించారు, నేను వంట చేశాను. ఒకరినొకరు నొప్పించకుండా మర్యాదగా గడిపాం.

వానలు ముదిరాక ఒక శుక్రవారం ఆవిడ రాలేదు. వానకేమో అనుకున్నాను. తర్వాతి శుక్రవారం గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ పై వారం జంగ్లీఘాట్‌లో కూరలకి వెళ్తే, తట్ట ముందు కూర్చుని కనిపించింది. నన్ను చూడగానే లేచింది, చేతులు తుడుచుకుంది.

"కాగితం తేవడం లేదేం?" అన్నాను, మామూలుగా అడిగినట్టు.

ఆవిడ ముఖం వెలిగింది. "గుంటే సదివీస్తందమ్మా ఇప్పుడు. హిందీలోనే. గడగడా సదివి, మాకు తెలుగులో సెప్పీస్తంది. పక్కన కూకునే పిల్ల నేర్పిందంట."

"మంచిదమ్మా," అన్నాను. "చాలా మంచిది."

మనసులోనూ మంచిదే అనుకున్నాను. నా దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చిన పిల్ల ఇంకో భాష కూడా పట్టేసింది. ఏ టీచరైనా కోరేది అదే. ఆవిడ బలవంతాన రెండు కవ్వ చేపలు కవర్లో వేసి ఇచ్చింది. నేను వద్దంటూనే తీసుకున్నాను. వెనక ఎవరో బేరం అడిగారు, ఆవిడ అటు తిరిగింది.

ఆ రోజు నాలుగింటి బస్సే అందింది. కిటికీ పక్క సీటు దొరికింది. తుష్నాబాద్ చేరేసరికి ఇంకా కొంచెం వెలుతురుంది. తాళం తీసి, చేపలు కడిగి ఉప్పు పట్టించి పక్కన పెట్టాను. తర్వాత బల్ల ముందు కూర్చుని ఫోను తీసి, సోమవారం పిల్లలు రంగు పెన్సిళ్ళు తెచ్చుకోవాలని హిందీలో టైపు చేసి గ్రూపులో పంపాను. ముప్పై ఎనిమిది ఇళ్ళకి వెళ్ళింది. కాసేపు అలాగే తెర వైపు చూస్తూ కూర్చుని, లేచి పొయ్యి వెలిగించాను.